మూడేళ్ల మట్టికి ఏడాది లీజు: పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు.

నేను నగరంలోనే ఉంటూ సేంద్రియ పద్ధతిలో కూరగాయలు, ఆకుకూరలు పండించి అమ్ముకునే రైతుని. మేడ మీద కుండీల్లో ఇంటి మందం పెంచుకునేవాళ్లంటే నాకు చాలా గౌరవం. మాలో చాలామంది అలా మొదలుపెట్టినవాళ్లే. అయితే ఈ లేఖ ఖాళీ స్థలాలను లీజుకు తీసుకుని, సాగునే బతుకుతెరువు చేసుకున్నవాళ్ల గురించి. వ్యవసాయ శాఖకు వెళ్తే మీది నగర పరిధి, మా కిందికి రాదంటారు. నగర పాలక సంస్థకు వెళ్తే వ్యవసాయం మా విభాగం కాదంటారు. ఆ ఉద్యోగులను తప్పుపట్టడానికి లేదు. నగరంలో పంట పండించే మనిషి ఎవరి పరిధిలోకి వస్తాడో చెప్పే ఉత్తర్వు ఒక్కటీ వాళ్ల దగ్గర లేదు.

వ్యవసాయ మంత్రి గారిని వదిలి మీకే ఎందుకు రాస్తున్నానో చెప్పాలి. చీడపీడలతో, ఎండతో, వానతో మేము పడే పాట్లు ఏ రైతుకైనా ఉండేవే, వాటికి మేము సిద్ధపడే ఈ పనిలోకి వచ్చాం. మమ్మల్ని నిజంగా దెబ్బతీస్తున్నవి భూ వినియోగ నిబంధనలు, స్థలాల మీద పన్నులు, నీటి కనెక్షన్లు, చెత్త నిర్వహణ. ఇవి మీ శాఖ చేతిలో ఉన్నాయి.

అన్నిటికంటే ముందు ఒక్క విషయం మీ దృష్టికి తేవాలి. ఒక నేలలో పండినదాన్ని సేంద్రియం అని చెప్పి అమ్మాలంటే, ఆ నేల అంతకుముందు కొన్నేళ్లు రసాయనాలకు దూరంగా ఉండాలి. అమెరికా నిబంధనల ప్రకారం కోతకు ముందు 3 ఏళ్లపాటు నిషేధిత రసాయనమేదీ ఆ భూమిలో పడకూడదు. యూరోపియన్ యూనియన్‌లో ఏడాది పంటలకైతే విత్తడానికి ముందు 2 ఏళ్లు, ఏళ్ల తరబడి కాసే పంటలకైతే మొదటి కోతకు ముందు 3 ఏళ్లు. దీన్ని మార్పిడి కాలం అంటారు. ఈ నియమం మీద నాకు ఏ ఫిర్యాదూ లేదు. కొనుక్కునేవాళ్ల నమ్మకం నిలబడేది దానివల్లే, పైగా మట్టి కోలుకోవడానికి నిజంగానే అంత కాలం పడుతుంది. కానీ నగరంలో మాకు దొరికే లీజు ఏడాదికి. చాలాచోట్ల అదీ కాగితం మీద ఉండదు, నోటిమాటతో సరి. మూడేళ్లు ఆగితే తప్ప చేతికి రాని ఫలితం కోసం, వచ్చే ఏడాది ఉంటుందో లేదో తెలియని భూమిలో మా కష్టమంతా పోస్తున్నాం.

ఆ కష్టం ఎలాంటిదో కొంచెం వివరంగా చెప్పనివ్వండి. నగరంలో ఖాళీ స్థలంలో గడ్డపార వేస్తే మట్టికంటే ముందు ఇటుక ముక్క తగులుతుంది. పాత కట్టడం కూల్చినప్పుడు మిగిలిన కంకర, సిమెంటు పెచ్చులు, గాజు పెంకులు, తుప్పుపట్టిన మేకులు, తీగ చుట్టలు ఒక అడుగు లోతు దాకా ఉంటాయి. లారీలు తిరిగి తిరిగి నేల అణిగిపోయి ఉంటుంది, వాన పడితే నీళ్లు ఇంకకుండా పైనే నిలిచిపోతాయి. సున్నం, సిమెంటు కలిసిన నేలలో క్షార గుణం పెరుగుతుంది. అప్పుడు నేలలో ఇనుము ఉన్నా మొక్క తీసుకోలేదు. లేత ఆకుల్లో ఈనెలు పచ్చగానే ఉండి, వాటి మధ్య భాగం పసుపుపచ్చగా పాలిపోతుంది. ఆ ఆకును చూడగానే నేల సంగతి మాకు అర్థమైపోతుంది.

అలాంటి నేలలో మొదటి ఏడాది మొత్తం రాళ్లు ఏరడంతో, ఎత్తు మళ్లు కట్టడంతో, ఎండుటాకులు, మాగిన ఎరువు తెచ్చి పరవడంతో గడిచిపోతుంది. పచ్చిరొట్ట పైరు వేసి, పూతకు రాగానే మట్టిలో కలిపేస్తాం. అమ్ముకోవడానికి మిగిలేది చాలా తక్కువ. రెండో ఏడాది మట్టి గుల్లబారడం మొదలవుతుంది. పిడికెడు తీసి వేళ్లతో నలిపితే దుమ్ములా రాలిపోకుండా చిన్న చిన్న గుళికలుగా విడిపోతుంది. ఎక్కడ తవ్వినా వానపాము కనిపిస్తుంది. చిక్కుడు తీగకు పేనుబంక పడితే, మేము ఏ కషాయమూ కొట్టకముందే అక్షింతల పురుగులు వచ్చి దాన్ని తినడం మొదలుపెడతాయి. మూడో ఏడాదికి మట్టిలో తడి ఎక్కువసేపు నిలబడుతుంది, నీటి అవసరం తగ్గుతుంది, దిగుబడి ఒక దారిలో పడుతుంది. అప్పటికి ఆ స్థలం బయటి నుంచి చూసేవాళ్లకు కూడా శుభ్రంగా, చదునుగా, కంచెతో కళకళలాడుతూ కనిపిస్తుంది. కొనడానికి బేరాలు కూడా అప్పుడే వస్తాయి.

మా స్థలం విషయంలో ఇదే జరిగింది. ఒకరోజు ఉదయం నీళ్లు పెట్టడానికి వెళ్లేసరికి గేటుకు ఖాళీ చేయమనే నోటీసు అంటించి ఉంది. యజమాని మీద నాకు కోపం లేదు. ఆ స్థలంలో పంట ఉన్నా, ముళ్లకంప ఉన్నా ఆయన కట్టాల్సిన పన్నులో మార్పు లేదు. మాకు భూమి ఇచ్చినందుకు ఏ రాయితీ రాలేదు, మమ్మల్ని ఖాళీ చేయించినందుకు ఏ ఖర్చూ కాలేదు. పనిముట్లు, డ్రిప్పు పైపులు, నారు ట్రేలు బండికెత్తుకుని వచ్చేశాం. మట్టిని అక్కడే వదిలేశాం. మళ్లలో సగం పెరిగిన పైరుకు పరిహారం అడుగుదామంటే మా దగ్గర కాగితం లేదు, అడగమని చెప్పే చట్టమూ లేదు.

పెద్ద స్థాయిలో ఇదే జరిగితే ఎలా ఉంటుందో లాస్ ఏంజెలెస్‌లో ప్రపంచమంతా చూసింది. 1990ల మధ్య నుంచి అక్కడ సౌత్ సెంట్రల్ ఫార్మ్ అనే 14 ఎకరాల స్థలంలో సుమారు 350 కుటుంబాలు పంటలు పండించుకున్నాయి. భూమి చేతులు మారింది. 2006 జూన్‌లో పోలీసులను పెట్టి అందరినీ ఖాళీ చేయించి, బుల్డోజర్లతో పంటను దున్నించేశారు. ఆ తర్వాత ఆ నేల ఏళ్ల తరబడి ఖాళీగానే పడి ఉంది. న్యూయార్క్‌లో 1999లో నగర ప్రభుత్వమే వందకు పైగా సామూహిక తోటలను వేలం వేయబోతే, చివరి నిమిషంలో స్వచ్ఛంద సంస్థలు డబ్బు కూడగట్టి కొని నిలబెట్టాయి. అంత డబ్బు పోగుచేయగలిగే సంస్థ ప్రతి నగరంలో ఉండదు. అందుకే దాతల దయ మీద ఆధారపడని ఏర్పాటు కావాలని అడుగుతున్నాను.

అలాంటి ఏర్పాటు సాధ్యమేనని చెప్పడానికి ఉదాహరణలు ఉన్నాయి. సౌత్ సెంట్రల్ ఫార్మ్ ఉన్న కాలిఫోర్నియా రాష్ట్రమే 2013లో పట్టణ వ్యవసాయ ప్రోత్సాహక మండలాల చట్టం చేసింది. ఎకరంలో పదో వంతు నుంచి 3 ఎకరాల దాకా ఉన్న ఖాళీ స్థలాన్ని కనీసం 5 ఏళ్లు సాగుకు ఇస్తానని యజమాని స్థానిక ప్రభుత్వంతో ఒప్పందం చేసుకుంటే, ఆ స్థలానికి ఇంటి స్థలం లెక్కన కాకుండా వ్యవసాయ భూమి లెక్కన పన్ను వేస్తారు. మధ్యలో ఒప్పందం రద్దు చేసుకుంటే యజమాని రుసుము కట్టాలి. ఇంకో షరతు కూడా ఉంది: ఆ స్థలంలో సేంద్రియ ప్రమాణాలు అనుమతించిన ఎరువులు, మందులు తప్ప వేరేవి వాడకూడదు. ఈ చట్టం గురించి మొదటిసారి చదివినప్పుడు, మా కష్టం తెలిసినవాళ్లెవరో కూర్చుని రాసినట్టు అనిపించింది. యజమానికి లాభం, రైతుకు 5 ఏళ్ల ధీమా, చుట్టుపక్కల ఇళ్లవాళ్లకు రసాయనాల భయం లేకపోవడం, మూడూ ఒకే ఒప్పందంలో కుదిరాయి.

బ్రిటన్‌లో ఈ ఆలోచన ఇంకా పాతది. అక్కడ కూరగాయలు పండించుకునే చిన్న మడుల కోసం జనం అడిగితే స్థలం సమకూర్చడం స్థానిక ప్రభుత్వాల బాధ్యత అని 1908 చట్టం చెప్పింది. అందుకోసం సేకరించిన భూమిని మంత్రి అనుమతి లేకుండా అమ్మడానికి వీల్లేదని 1925లో మరో చట్టం చేశారు. జర్మనీలో తోట మడుల కౌలుకు గరిష్ఠ పరిమితి ఉంది, కారణం లేకుండా ఖాళీ చేయించడానికి లేదు, 1983 చట్టం వీటన్నిటినీ ఒకచోట చేర్చింది. అవి ప్రధానంగా సొంత వాడకానికి పండించుకునేవాళ్ల కోసం చేసిన చట్టాలు, మాలా అమ్ముకునేవాళ్ల కోసం కావు. అయినా మట్టిలో పని చేసే మనిషికి కాలం కావాలన్న సంగతిని అక్కడి ప్రభుత్వాలు వందేళ్ల కిందటే గుర్తించాయి.

డబ్బున్న దేశాల కథలే చెబుతున్నానని మీకు అనిపించవచ్చు. 1991లో సోవియట్ యూనియన్ కూలిపోయాక క్యూబాకు డీజిల్, రసాయన ఎరువులు రావడం దాదాపు ఆగిపోయింది. ఆ గడ్డుకాలంలో హవానా నగరంలోని ఖాళీ స్థలాలను సాగు చేసుకునే హక్కుతో జనానికి ఇచ్చారు. ఎత్తు మళ్లలో కంపోస్ట్ నింపి పండించే ఆర్గానోపోనికోలు అక్కడ నగరమంతా విస్తరించాయి. అర్జెంటీనాలోని రొసారియో 2001 ఆర్థిక సంక్షోభంలో చితికిపోయిన నగరం. మరుసటి ఏడాదే అక్కడి నగర పాలక సంస్థ పట్టణ వ్యవసాయ కార్యక్రమం మొదలుపెట్టి, ఖాళీ భూములు చూపించి, శిక్షణ ఇచ్చి, అమ్ముకోవడానికి నగరంలోనే చోటు కల్పించింది. రసాయనాలు లేని సాగే అక్కడ పద్ధతి. సంక్షోభం గడిచాక కూడా ఆ కార్యక్రమాన్ని ఆపలేదు. 2021లో దానికి వరల్డ్ రిసోర్సెస్ ఇన్‌స్టిట్యూట్ వారి నగరాల బహుమతి దక్కింది. ఈ రెండు చోట్లా ప్రభుత్వం దగ్గర డబ్బు లేదు. భూమి మీద నిర్ణయం తీసుకునే అధికారం ఉంది, దాన్ని వాడారు.

భూమి తర్వాత మాకు అంత అవసరమైనది కంపోస్ట్. సేంద్రియ సాగులో పచ్చి పశువుల ఎరువు ఎప్పుడు పడితే అప్పుడు వేయకూడదు. తినే భాగం మట్టికి తగిలే పంటలైతే, పచ్చి ఎరువు వేసిన 120 రోజుల దాకా కోయకూడదని అమెరికా సేంద్రియ నిబంధన చెబుతుంది. రోగకారక క్రిములు ఆకుల మీదికి చేరకుండా పెట్టిన నియమం అది. నెల, నెలన్నరలో కోతకొచ్చే ఆకుకూరలు వేసేవాళ్లకు పచ్చి ఎరువు పనికిరాదు, బాగా మాగిన కంపోస్టే కావాలి. కుప్ప వేసి చేస్తే, లోపలి వేడి 55 డిగ్రీల సెల్సియస్ పైన 15 రోజులు నిలబడాలి, ఆ రోజుల్లో కనీసం 5 సార్లు తిరగేయాలి. అందుకు స్థలం కావాలి, మనుషులు కావాలి, అన్నిటికంటే ముందు తడి చెత్త కావాలి.

తడి చెత్త నగరంలో కొండలకొద్దీ పుడుతుంది. కూరగాయల మార్కెట్ల ముందు, హోటళ్ల వెనుక, ప్రతి ఇంటి వంటగదిలో మాకు కావాల్సిన ముడిసరుకు రోజూ తయారవుతోంది. దాన్ని లారీల్లో నగరం బయటికి తరలించి డంపింగ్ యార్డులో పోయడానికి మీ శాఖ డబ్బు ఖర్చు పెడుతోంది. గాలి ఆడని ఆ గుట్టల్లో అది కుళ్లి, వాతావరణాన్ని వేడెక్కించే మీథేన్ వాయువు వెలువడుతుంది. అందులో కొంత మాకివ్వమని అడిగితే రెండు అడ్డంకులు వస్తున్నాయి. చెత్తను ప్రాసెస్ చేయడం కిందికి వస్తుంది కాబట్టి పెద్ద యూనిట్లకు ఉండే అనుమతులే మా చిన్న కుప్పకూ కావాలంటున్నారు. పక్క భవనంలో ఎవరో వాసన వస్తోందని ఒక్క ఫిర్యాదు చేస్తే జరిమానా వేస్తున్నారు. కంపోస్ట్ కుప్ప సరిగ్గా చేస్తే కంపు కొట్టదు. వాసన వచ్చిందంటే ఎండుటాకులు తక్కువయ్యాయని, గాలి ఆడటం లేదని అర్థం. ఆ మాట చెప్పి నేర్పించే మనిషిని పంపితే ఒక్క పూటలో తీరిపోయే సమస్య అది.

నగర పాలక సంస్థలు తయారుచేసే కంపోస్ట్ కొనుక్కోవచ్చు కదా అని అధికారులు అంటారు. కొన్నాం. జల్లెడ పడితే పాల ప్యాకెట్ల ముక్కలు, సీసా పెంకులు, షాంపూ సాచెట్లు బయటపడ్డాయి. కంటికి కనిపించేవి ఏరి పారేయవచ్చు. కనిపించనివే అసలు ప్రమాదం. పచ్చిక బయళ్ల మీద కొట్టే క్లోపైరాలిడ్, అమినోపైరాలిడ్ లాంటి కలుపు మందులు గడ్డిలో ఉండిపోయి, కంపోస్ట్ వేడికి కూడా త్వరగా విచ్ఛిన్నం కావు. ఆ గడ్డి మేసిన పశువుల పేడలోనూ అవి మిగులుతాయి. అలాంటి కంపోస్ట్ వేసిన మడిలో టమాటా, చిక్కుడు లేత ఆకులు మెలితిరిగి గిన్నెల్లా ముడుచుకుపోతాయి. ఏదో తెగులనుకుని రైతు కషాయాలు కొడుతూ కూర్చుంటాడు, తప్పు ఎరువులో ఉందని తెలిసేసరికి ఆ పంట కాలం అయిపోతుంది. మూల దగ్గరే తడి చెత్తను వేరుచేసి, పార్కుల్లో, రోడ్ల పక్కన ఆ మందులు కొట్టడం ఆపి, తయారైన కంపోస్ట్‌ను పరీక్షించి సంచి మీద ఫలితం ముద్రిస్తే, నగరంలో పండించేవాళ్లే కాదు, చుట్టుపక్కల గ్రామాల రైతులు కూడా వచ్చి కొనుక్కుంటారు.

మందుల మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. ఫుట్‌పాత్ పక్కన గడ్డి మొలిచిందని కలుపు మందు కొడుతూ వచ్చే కార్మికుడికి, కంచె అవతల సేంద్రియ మడి ఉందని ఎవరూ చెప్పరు. దోమల ఫాగింగ్ బండి కూడా అంతే. దోమల నివారణ ఆపమని నేను అడగను, డెంగీ ఎంత ప్రమాదమో మాకూ తెలుసు. మా స్థలాలు ఎక్కడున్నాయో మ్యాపులో గుర్తించి, బండి వచ్చే ముందురోజు ఒక మెసేజ్ పంపితే చాలు, మళ్లు కప్పుకుంటాం. ఒక్క తుంపర గాలికి ఇటు కొట్టుకొస్తే మా మూడేళ్ల లెక్క మళ్లీ మొదటికి రావచ్చని అధికారులు గుర్తుంచుకోవాలి.

నగర మట్టిలో సీసం ఉండవచ్చన్న సంగతి మేము దాచిపెట్టం. పాత పెయింట్ల నుంచి, దశాబ్దాలపాటు వాడిన సీసం పెట్రోలు పొగ నుంచి అది పైమట్టిలో చేరి అక్కడే ఉండిపోయింది. రోడ్డు మీద తిరిగే వాహనాలకు సీసం కలిపిన పెట్రోలు ప్రపంచంలో పూర్తిగా ఆగిపోయింది 2021లోనే, అల్జీరియా కూడా మానేశాక. సేంద్రియంగా పండించినంత మాత్రాన సీసం పోదు. ఆకులకు అంటుకునే దుమ్ము, చేతికంటిన మట్టి ద్వారా అది పిల్లల ఒంట్లోకి చేరడం అన్నిటికంటే ప్రమాదం. మట్టిలో కంపోస్ట్ పెంచి, ఆమ్ల గుణం లేకుండా చూసుకుంటే మొక్కకు చేరే సీసం తగ్గుతుంది. మరీ ఎక్కువున్న చోట అడుగున గుడ్డ పరిచి, మంచి మట్టితో ఎత్తు మళ్లు కట్టాలి, లేదా అక్కడ తినే పంటలు వేయనే కూడదు. ఏ చోటు ఏ రకమో తెలియాలంటే పరీక్ష చేయించాలి. మామూలు భూసార పరీక్షలో నత్రజని, భాస్వరం, పొటాష్, ఉదజని సూచిక (పీహెచ్) చూస్తారు, సీసం లాంటి భార లోహాలు చూడరు. వాటి కోసం వేరే ల్యాబుకు పంపితే అయ్యే ఖర్చు చిన్న రైతుకు భారమే. చాలామంది పరీక్ష చేయించకుండానే పంట వేసేస్తున్నారు. ఇది నన్ను నిజంగా కలవరపెట్టే విషయం. ప్రజల ఆరోగ్యానికి సంబంధించిన ఈ పరీక్షను ప్రభుత్వమే ఉచితంగా చేయించాలి. పరీక్షలో తప్పిన స్థలం సాగుకు ఇవ్వకూడదు. ఈ నిబంధనను మేమే అడుగుతున్నాం.

నీటి సంగతి క్లుప్తంగా చెప్తాను. ఇంటికీ కాదు, గ్రామంలో పొలానికీ కాదు కాబట్టి మా నీటి కనెక్షన్‌ను వాణిజ్య కేటగిరీలో వేస్తున్నారు. కార్లు కడిగే షెడ్డుకూ, తోటకూర మడికీ ఒకటే రేటు. పక్క భవనాల పైకప్పు మీద పడే వాననీటిని ట్యాంకులోకి మళ్లించుకునే వీలు కల్పిస్తే ఈ భారం చాలావరకు తగ్గుతుంది. బ్యాంకు రుణం, పంట బీమా మాకు అందవు, ఎందుకంటే రైతుగా మమ్మల్ని చూపించే రికార్డు లేదు. పనిముట్లు పెట్టుకునే రేకుల షెడ్డు కూడా అక్రమ కట్టడం కింద లెక్కకు వస్తోంది.

ఇక సేంద్రియ సర్టిఫికెట్. ఇన్‌స్పెక్టర్ రావడానికి, కాగితాలకు అయ్యే ఖర్చు పదుల ఎకరాల రైతుకూ, ఎకరంలో నాలుగో వంతు సాగు చేసేవాళ్లకూ పెద్ద తేడా ఉండదు. అందువల్ల నిజాయితీగా పండించే చిన్న రైతులు సేంద్రియం అనే మాట వాడుకోలేకపోతున్నారు, ఏ పరీక్షా లేకుండా స్టిక్కర్ అంటించి అమ్మేవాళ్లు మాత్రం వాడుకుంటున్నారు. దీనికి పరిష్కారం ఇప్పటికే ఉంది. పక్కపక్కన సాగు చేసేవాళ్లు, కొనేవాళ్లు కలిసి ఒకరి మడిని ఒకరు తనిఖీ చేసుకుని హామీ ఇచ్చే భాగస్వామ్య హామీ పద్ధతిని సేంద్రియ ఉద్యమాల అంతర్జాతీయ సమాఖ్య ఐఫోమ్ ఎప్పటినుంచో ప్రోత్సహిస్తోంది. బ్రెజిల్ 2003లో చేసిన సేంద్రియ చట్టం, సంఘంగా నమోదై నేరుగా వినియోగదారులకు అమ్మే కుటుంబ రైతులకు సర్టిఫికెట్ నుంచి మినహాయింపు ఇచ్చింది. నగరంలో ఈ పద్ధతి ఇంకా బాగా నడుస్తుంది, ఎందుకంటే కొనేవాళ్లు నాలుగు వీధుల అవతలే ఉంటారు. సాయంత్రం నడకకు వచ్చి మడిలోకి తొంగి చూడగలరు.

మా కోరికలకు వచ్చే అభ్యంతరాలు నాకు తెలుసు. నగరంలో భూమి ఇళ్లకు కావాలి, తోటలకు ఎలా ఇస్తామంటారు. ఇల్లు లేని కుటుంబానికి ఇల్లు కట్టే చోట నేను మడి అడగను. కానీ పదేళ్లుగా కేసుల్లో నలుగుతున్న స్థలాలున్నాయి. హైటెన్షన్ తీగల కింద కట్టడాలకు పనికిరాని పట్టీలున్నాయి. ఆసుపత్రుల, బడుల ఆవరణల్లో ముళ్లకంపలు పెరిగిన మూలలున్నాయి. వీటి జాబితా మీ శాఖ దగ్గరే ఉంటుంది. నగరం తన తిండి తాను పండించుకోగలదా అని ఇంకొందరు అడుగుతారు. ధాన్యం, పప్పులు, నూనెగింజలు పల్లె నుంచే రావాలి, అందులో సందేహం లేదు. కోసిన కొన్ని గంటలకే వాడిపోయే ఆకుకూరలకు మాత్రం దూరం తగ్గే కొద్దీ మేలు, వాటినే మేము పండిస్తాం.

ప్రభుత్వాలు నగర వ్యవసాయం అనగానే గోడౌన్లలో ఎల్ఈడీ దీపాల కింద, మట్టి లేకుండా పండించే కంపెనీల వైపు చూడటం నాకు బాధ కలిగిస్తుంది. వాటికి పెట్టుబడులు వరదలా వచ్చాయి. అయినా అమెరికాలో ఏరోఫార్మ్స్ 2023లో దివాలా పిటిషన్ వేసింది, బోవరీ ఫార్మింగ్ 2024లో మూతపడింది. ఇలాంటి సాగుకు కరెంటు ఖర్చు చాలా ఎక్కువ. మట్టి లేకుండా పండించినదాన్ని యూరోపియన్ యూనియన్ సేంద్రియంగా ఒప్పుకోదు కూడా. ఆ సాంకేతికత వద్దని నేను అనను. సబ్సిడీ ఇచ్చేటప్పుడు మాత్రం, తడి చెత్తను తీసుకుని, వాననీటిని ఇంకించి, పాడైన నేలను బాగుచేసే సాగుకు ముందు వరుసలో చోటివ్వండి.

మంత్రి గారూ, ఇవన్నీ ఒక్కసారిగా జరగవని తెలుసు. కొన్నిచోట్ల పని ఒక పేరు పెట్టడంతో మొదలైంది. అమెరికాలోని డెట్రాయిట్ నగరం 2013లో, ఏ స్థలాన్ని దేనికి వాడాలో చెప్పే తన జోనింగ్ నిబంధనల్లో పట్టణ వ్యవసాయాన్ని చేర్చింది, పదేళ్ల తర్వాత దానికంటూ ఒక డైరెక్టర్‌ను నియమించింది. కెన్యా రాజధాని నైరోబీ 2015లో ప్రత్యేక చట్టమే చేసింది. మీరు కూడా మాస్టర్ ప్లాన్‌లో పట్టణ సాగును ఒక భూ వినియోగంగా రాయించండి. మీ శాఖలో ఒక్క అధికారికి ఈ బాధ్యత అప్పగించి, వ్యవసాయ శాఖ నుంచి ఒకరిని ఆయన పక్కన కూర్చోబెట్టండి. అప్పుడు మేము ఏ కార్యాలయం మెట్లు ఎక్కాలో మాకు తెలుస్తుంది.

అన్నిటికంటే ముందు కౌలు కాలం సంగతి తేల్చండి. కనీసం 5 ఏళ్ల రాతపూర్వక లీజు, ఆ లీజు ఇచ్చిన యజమానికి పన్ను రాయితీ, మధ్యలో ఖాళీ చేయించాల్సి వస్తే చేతిలో ఉన్న పంట కోసుకునే గడువు, బాగుచేసిన మట్టికి పరిహారం. ప్రైవేటు స్థలాల విషయంలో చట్టం చేయడానికి సమయం పడుతుందంటే, ప్రభుత్వ స్థలాలతో మొదలుపెట్టవచ్చు, దానికి మీ ఉత్తర్వు చాలు. ముసాయిదా తయారుచేసే రోజు పిలిస్తే, లీజు కాగితాలు, మట్టి పరీక్ష ఫలితాలు, మేము పోగొట్టుకున్న స్థలాల వివరాలు పట్టుకుని మాలో కొందరం వస్తాం. వచ్చే విత్తనాల కాలంలోపు ఆ పిలుపు వస్తే, మాలో కొత్త స్థలం వెతుక్కుంటున్నవాళ్లు ఈసారి ఎక్కడ మట్టి పోయాలో నిర్ణయించుకోగలరు.

ఇట్లు,
నగరంలో సేంద్రియ సాగు చేసే ఒక కౌలు రైతు